ట్రాన్స్‌జెండర్, హిజ్రా, ఇంటర్‌సెక్స్, గే: తెలుగు వార్తలో ఏ మాట ఎక్కడ?

ఎర్రపెన్ను, విజయవాడ

మా పత్రిక డెస్కుకి వచ్చే వార్తల కాపీల్లోంచి నాలుగు ముక్కలు, పేర్లు తీసేసి పెడుతున్నాను.

"లింగమార్పిడితో హిజ్రాగా మారిన యువకుడు"
"ట్రాన్స్‌జెండర్లు, స్వలింగ సంపర్కులు తదితర లైంగిక గుర్తింపు కలవారు"
"జన్మతః హిజ్రా అయిన పసికందు"
"ఆడవేషంలో తిరుగుతున్న ట్రాన్స్‌జెండర్ పట్టివేత"

ఇవి ఎందుకు తప్పో ఒక్క పేజీలో రాసి గోడకి అంటించే పని నాకు పడింది. ఇంగ్లీషు పట్టికలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటిని తెలుగులోకి దించితే అరవై పదాలవుతాయి, ఆరు కూడా ఎవరికీ గుర్తుండవు. రాత్రి పదిన్నరకి మంగళగిరి నుంచి విలేకరి ఫోన్లో వార్త చెబుతుంటే పేజీ పెట్టేవాళ్లకి అక్కరకొచ్చేది కావాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

గుణదల ట్రైనర్

అరవై పదాలు అక్కర్లేదండీ. నాలుగు ప్రశ్నలు విడదీస్తే చాలు. మీ నాలుగు వాక్యాల్లో తప్పులన్నీ ఒక ప్రశ్నకి ఇంకో ప్రశ్న జవాబు రాయడం వల్ల వచ్చినవే.

మొదటిది శరీరం. కాన్పు గదిలో బిడ్డని చూసి ఆడ, మగ అని రాస్తారే, అది. "పుట్టినప్పుడు నమోదైన లింగం" అనండి. రెండోది జెండర్ గుర్తింపు. తను ఆడమనిషో, మగమనిషో, రెండూ కాదో తనకు లోపల తెలిసే సంగతి. పక్కవాళ్లు చూసి తేల్చేది కాదు, ఆ మనిషి చెబితేనే తెలిసేది. మూడోది జెండర్ వ్యక్తీకరణ. బట్టలు, జుట్టు, బొట్టు, గాజులు, నడక, గొంతు, పిలిపించుకునే పేరు. ఇది కంటికి కనిపించేది, ఊరిని బట్టి కాలాన్ని బట్టి మారేది. నాలుగోది ఆకర్షణ, ఎవరి మీద మనసు పోతుందనేది. గే, లెస్బియన్, బైసెక్సువల్ అన్నవి ఈ నాలుగోదానికి మాత్రమే జవాబులు. ట్రాన్స్‌జెండర్ అన్నది రెండోదానికి, అంటే పుట్టినప్పుడు నమోదైన లింగం ఒకటి, లోపలి గుర్తింపు ఇంకోటి అయినవాళ్లు. అందుకే "ట్రాన్స్‌జెండర్లు, స్వలింగ సంపర్కులు తదితర లైంగిక గుర్తింపు" అంటే రెండు వేరు వేరు జవాబుల్ని ఒక గాట కట్టినట్టు.

మూడోదానికీ రెండోదానికీ తేడా మనవాళ్లకి చెప్పడం ఇంకా సులువు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషానికి పేరుమోసిన కూచిపూడి నాట్యాచార్యులు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది, స్త్రీ పాత్రలకే పెట్టింది పేరు. తిరుపతి గంగమ్మ జాతరలో మొక్కు తీర్చుకోడానికి మగవాళ్లు చీర కడతారు. ఇవన్నీ వ్యక్తీకరణ. దాన్నిబట్టి ఎవరి గుర్తింపు ఏమిటో మనం రాయకూడదు. తిరగేసి చూడండి: ప్యాంటు చొక్కాలో, మీసంతో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఉన్న ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగ అని రాశారు, గుర్తింపు ఆడ) కూడా ట్రాన్స్ మహిళే. ఆవిడ వ్యక్తీకరణ బయటికి రాలేదు, గుర్తింపు ఉంది.

అందుకే "ఆడవేషంలో తిరుగుతున్న ట్రాన్స్‌జెండర్" అన్నది రెండింతల తప్పు. ట్రాన్స్ మహిళ చీర కడితే అది వేషం కాదు, ఆవిడ బట్టలు.

నిపుణులకు కూడా ఈ రెండూ విడదీయడానికి టైం పట్టింది లెండి. 2006 నవంబరులో ఇండోనేషియాలోని యోగ్యకర్తలో కూర్చుని అంతర్జాతీయ మానవహక్కుల నిపుణులు రాసిన సూత్రాల్లో జెండర్ గుర్తింపుకీ లైంగిక ధోరణికీ నిర్వచనాలున్నాయి. వ్యక్తీకరణనీ, శరీర లక్షణాలనీ విడిగా చేర్చింది 2017లో.

ఒన్‌టౌన్ శేషు

మా తాతల కాలంలో ఆడా మగా, ఆ రెండూ కానివాళ్లూ. మూడు మాటల్తో సరిపోయేది. ఇప్పుడు పూటకో పేరు. ఇదంతా అమెరికా నుంచి దిగుమతి కాదా?

అరండల్‌పేట లాయర్

శేషు గారూ, తాతల కాలంలో మాట లేకపోవడం కాదు, ఏకంగా రిజిస్టరే ఉండేది. 1871 నేర తెగల చట్టం రెండో భాగం మొత్తం వీళ్ల పేర్లు నమోదు చేసి నిఘా పెట్టడం గురించే. నిజాం ఏలుబడిలో 1329 ఫసలీలో (1919 ప్రాంతంలో) అలాంటిదే ఇంకో చట్టం చేశారు. రాష్ట్రాలు మారినా అది పుస్తకాల్లో ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో గానీ కొట్టెయ్యలేదు. ఆడవాళ్ల బట్టలు కట్టి వీధిలో పాడినా ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చని అందులో ఉండేది. ఎర్రపెన్ను గారు పెట్టిన నాలుగో వాక్యం, "ఆడవేషంలో తిరుగుతున్న", సరిగ్గా ఆ చట్టం భాషే. పట్టుకున్నదేమో ఇంకేదో గొడవకి, రాసిందేమో బట్టల గురించి.

చుట్టుగుంట వాలంటీరు

హిజ్రా అన్న మాట దగ్గరికి వద్దాం, ఎక్కువ తప్పులు అక్కడే.

హిజ్రా అంటే శరీరానికి పేరు కాదు, ఆపరేషన్‌కి పేరు కాదు. అదొక జమాత్. గురువు ఉండాలి, ఆ గురువుకి చేలాగా, అంటే శిష్యురాలిగా చేరాలి, ఘరానా అనే గురుపరంపర ఉంటుంది, పెద్దల మాటకి కట్టుబాటు ఉంటుంది, తప్పు చేస్తే జరిమానా ఉంటుంది. బధాయికి, అంటే పెళ్లిళ్లు, కాన్పులైన ఇళ్లలో దీవించి డబ్బు తీసుకోడానికి, ఏ వీధులు ఎవరివో లెక్క ఉంటుంది. ఇందులో చేరని ట్రాన్స్ మహిళలు బోలెడుమంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ట్రాన్స్ మహిళని హిజ్రా అని రాస్తే తప్పు. అలాగే జమాత్‌లో ఉండి "నేను హిజ్రానే" అని గర్వంగా చెప్పేవాళ్లని మనం దిద్ది ట్రాన్స్ మహిళ అని రాయడం కూడా అంతే తప్పు. అడిగి రాయండి.

కోథీ అన్న మాట కూడా వింటారు. దీర్ఘం, ఒత్తు పెట్టి రాయండి, లేకపోతే జంతువు అనుకుంటారు. పుట్టినప్పుడు మగ అని నమోదై, నడకలో మాటలో ఆడతనం ఉన్నవాళ్లు తమలో తాము వాడుకునే మాట. వీళ్లలో కొందరు ట్రాన్స్ మహిళలు, కొందరు గే, కొందరు రెండు పేర్లూ వద్దంటారు. లోపలివాళ్ల మాట కాబట్టి వార్తలో వాళ్ల నోటి నుంచి వస్తే తప్ప వాడొద్దు. నిర్వాణం కూడా అంతే. సంప్రదాయంగా చేసే ఆ శస్త్రచికిత్సకి జమాత్‌లో వాడే పేరు. శివశక్తులు, కర్ణాటక సరిహద్దు వైపు జోగప్పలు అమ్మవారి సేవకి అంకితమైనవాళ్లు. వాళ్లని కూడా హిజ్రాల్లో కలిపేయకండి.

ట్రాన్స్ పురుషులు వార్తల్లో అసలు కనపడరు. పుట్టినప్పుడు ఆడ అని రాశారు, గుర్తింపు మగ. వాళ్లకి జమాత్ లేదు, బధాయి లేదు, ఊళ్లో ఒక పేరంటూ లేదు. విలేకరికి మాట దొరక్క "మగవేషంలో యువతి" అని రాసేస్తాడు. ట్రాన్స్ పురుషుడు, అతను, వచ్చాడు. అంతే.

ఇక రాయకూడనివి: కొజ్జా, పేడి, మాడా, నపుంసకుడు, తేడా, పాయింట్ ఫైవ్. "బృహన్నలలు" కూడా తీసేయండి. మర్యాదగా ఉంటుందనుకుని రాస్తారు గానీ, అది అర్జునుడు విరాటుడి కొలువులో ఏడాది పాటు ఉన్న రూపం. ఏడాది గడవగానే గాండీవం పట్టాడు. ఒకరి జీవితానికి అజ్ఞాతవాసం పేరు పెట్టడం ఏం మర్యాద?

ఎర్రపెన్ను, విజయవాడ

ఆడంగి?

చుట్టుగుంట వాలంటీరు

తిట్టే. గమనించారో లేదో, ఆడపిల్ల ప్యాంటేసుకుని చెట్టెక్కితే "మగరాయుడు" అని నవ్వుతూ అంటారు, అందులో కాస్త మురిపెం కూడా ఉంటుంది. మగపిల్లాడు గాజులేసుకుంటే "ఆడంగి" అని దెబ్బ వేస్తారు. రెండూ వ్యక్తీకరణకే పెట్టిన పేర్లు. ఒకటి ముద్దు, ఒకటి దెబ్బ.

కొత్తపేట డాక్టర్, గుంటూరు

"జన్మతః హిజ్రా అయిన పసికందు" సంగతి నేను చెబుతాను. పసికందు హిజ్రా కాదు, ట్రాన్స్‌జెండర్ కూడా కాదు. విలేకరి చెప్పదలచుకున్నది ఇంటర్‌సెక్స్. జననాంగాలు, క్రోమోజోములు, హార్మోన్లు ఇవి ఆడ, మగ అన్న మామూలు అచ్చులో ఇమడకపోవడం. ఇది మొదటి ప్రశ్నకి, అంటే శరీరానికి సంబంధించింది. ఆ బిడ్డ పెద్దయ్యాక ఆడ అనుకోవచ్చు, మగ అనుకోవచ్చు, రెండూ కాదనుకోవచ్చు. అందరు పిల్లల్లాగే.

ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మాట తప్పితే ప్రాణం మీదికొస్తుంది. సీఏహెచ్ అనే స్థితి ఉంది. అడ్రినల్ గ్రంథిలో ఒక ఎంజైమ్ లోపం, ఎక్కువమందిలో 21-హైడ్రాక్సిలేజ్. ఎక్స్‌ఎక్స్ క్రోమోజోములున్న (ఆడబిడ్డల్లో మామూలుగా ఉండేవి) బిడ్డకి కూడా పుట్టేసరికి బయటి అవయవం మగబిడ్డకున్నట్టు కనపడొచ్చు. ఇందులో ఉప్పు నిలవని రకం ఉంది. మొదటి రెండు మూడు వారాల్లో వాంతులు, పాలు తాగకపోవడం, నీరసం, ఒంట్లో సోడియం పడిపోయి పొటాషియం పెరగడం. వెంటనే స్టెరాయిడ్, ఉప్పు, సెలైన్ అందకపోతే బిడ్డ దక్కదు. ఇంట్లోవాళ్లు "హిజ్రా పుట్టింది" అని సిగ్గుతో దాచిపెడితే ఆ మూడు వారాలూ గడిచిపోతాయి. అక్కడ అత్యవసరం మందు. అవయవాన్ని అందంగా దిద్దే ఆపరేషన్ అత్యవసరం కాదు, బిడ్డకి ఊహ వచ్చేదాకా ఆగొచ్చు. పసివాళ్లకి ప్రాణాపాయం లేనప్పుడు అలాంటి ఆపరేషన్లు చెయ్యొద్దని తమిళనాడు 2019లో ఉత్తర్వు ఇచ్చింది, మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత.

రెండో సంగతి, "జెండర్ డిస్ఫోరియా"ని ట్రాన్స్‌జెండర్‌కి ఇంకో పేరులా వాడుతున్నారు. కాదు. శరీరానికీ గుర్తింపుకీ పొసగక కలిగే తీవ్రమైన బాధ పేరు అది. బాధ లేని ట్రాన్స్ వ్యక్తులు కూడా ఉంటారు. 2013లో అమెరికన్ మానసిక వైద్యుల రుగ్మతల పట్టిక డీఎస్ఎం-5 "గుర్తింపు రుగ్మత" అన్న పాత పేరు తీసేసి డిస్ఫోరియా అని పెట్టింది, అంటే వైద్యం గుర్తింపుకి కాదు, బాధకి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టిక ఐసీడీ-11లో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచే తప్పించి లైంగిక ఆరోగ్యం కిందికి మార్చింది. 2022 జనవరి 1 నుంచి అమలు. కాబట్టి "మానసిక వ్యాధితో బాధపడుతున్న ట్రాన్స్‌జెండర్" అని రాస్తే పదేళ్ల వెనకటి పుస్తకం చూసి రాసినట్టే.

మగపిల్లాడు బొమ్మలతో ఆడుతున్నాడని, ఆడపిల్ల జుట్టు కత్తిరించుకుందని ట్రాన్స్ అనేయకూడదు. పిల్లల్లో డిస్ఫోరియా అనడానికి డీఎస్ఎం-5లో ఎనిమిది లక్షణాల్లో కనీసం ఆరు, ఆరు నెలలకి తగ్గకుండా ఉండాలి. అందులో "నేను ఇంకో జెండర్ మనిషిని" అన్న బలమైన కోరికో పట్టుదలో తప్పనిసరి. బట్టలూ బొమ్మలూ మాత్రమే అయితే లెక్కకి రాదు.

"మార్చేస్తాం, మామూలు చేసేస్తాం" అని ప్రకటనలిచ్చేవాళ్ల మాటలు వార్తగా వేయకండి. కన్వర్షన్ థెరపీ అనేదాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లకి తెలిపింది.

గుణదల ట్రైనర్

డాక్టరు గారూ, ఆపరేషన్‌కి తెలుగులో ఏం వాడతారు? "లింగ నిర్ధారణ శస్త్రచికిత్స" అని ఒకటి తిరుగుతోంది.

కొత్తపేట డాక్టర్, గుంటూరు

అది మాత్రం వద్దు బాబూ! తెలుగులో "లింగ నిర్ధారణ" అనగానే జనానికి గుర్తొచ్చేది గర్భంలో బిడ్డ ఆడో మగో చెప్పే పరీక్ష. 1994 చట్టం కింద నేరం. ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా "ఇచ్చట లింగ నిర్ధారణ చేయబడదు" అని బోర్డు ఉంటుంది. మీ వార్త చదివినవాళ్లు ఆస్పత్రి మీద కేసు అనుకుంటారు. "జెండర్‌కు అనుగుణమైన శస్త్రచికిత్స" అనండి. కాస్త పొడుగే. వార్తకి అవసరం లేకపోతే అసలు ప్రస్తావించొద్దు, ఎవరికి ఏ ఆపరేషన్ అయిందో పాఠకుడికి ఎందుకు? "లింగమార్పిడి" అంటే ఆ రోజు బల్ల మీద జెండర్ మారిపోయినట్టు ధ్వనిస్తుంది. గుర్తింపు ఎప్పటినుంచో ఉంది, ఆపరేషన్ తర్వాత వచ్చింది, చాలామందికి అసలు రాదు కూడా.

హార్మోన్ల గురించి ఒక ముక్క. ఈ మాటలు చదివి మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు గుప్పెడు కొనుక్కుని మింగేవాళ్లున్నారు. వాటిలో ఉండేది ఎక్కువగా ఇథినైల్ ఈస్ట్రడయాల్, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, పొగతాగేవాళ్లలో మరీనూ. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) రాసేది వేరే రకం, లివర్, పొటాషియం, హార్మోన్ స్థాయులు చూసుకుంటూ.

బ్రాడీపేట తెలుగు మాస్టారు

సర్వనామాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంగ్లీషులో వాళ్ల గొడవ వేరు, మన గొడవ వేరు. వాళ్ల సలహాలు ఇక్కడ పనిచెయ్యవు.

తెలుగులో "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు", "మీరు వచ్చారు": వీటిలో ఆడా మగా లేదు. ఎదురుగా ఉన్న మనిషితో రోజంతా మాట్లాడినా జెండర్ బయటపడదు, హిందీలో అయితే మొదటి వాక్యంలోనే దొరికిపోతారు. మనకి చిక్కంతా ప్రథమ పురుష ఏకవచనంలో: వచ్చాడు, వచ్చింది. వ్యాకరణంలో మగవాళ్లు మహత్తు, మిగతావన్నీ అమహత్తు. ఆడమనిషికీ, ఆవుకీ, కుర్చీకీ క్రియ ఒకటే, "వచ్చింది". అందువల్లే ట్రాన్స్ మహిళ విషయంలో జాగ్రత్త. "ఆమె వచ్చింది" మర్యాద. "అది వచ్చింది" అంటే మిగతా ఆడవాళ్ల విషయంలో చనువో చిన్నచూపో కావచ్చు గానీ, ట్రాన్స్ మహిళ విషయంలో కచ్చితంగా అవమానం. విలేకరి ఫోన్లో "అది" అన్నా మీరు "ఆమె" అనే టైప్ చెయ్యాలి.

బహువచనంలో మన భాష మర్యాదస్తురాలు. ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ "వచ్చారు". జెండర్ తెలియనప్పుడు, నాన్‌బైనరీ (ఆడా మగా రెండూ కాదు) అని చెప్పినప్పుడు ఈ గౌరవ బహువచనమే దారి: పేరు, గారు, చెప్పారు. "తను" వాడితే గట్టెక్కుతామని అనుకుంటారు, గట్టెక్కం. "తను అన్నాడా, అన్నదా" అని క్రియ దగ్గర మళ్లీ ఆగాలి.

బహువచనంతో వచ్చే తంటా ఒకటుంది. "ఫిర్యాదుదారులు వచ్చారు" అంటే ఒకరా, పదిమందా? ముందు వాక్యంలో పేరో "ఒకరు" అనో పెట్టేస్తే తరవాత "వారు" ఇబ్బంది పెట్టదు. ఇంకో ఉపాయం, క్రియని విశేషణంగా తిప్పడం. "ఫోన్ పోగొట్టుకున్న వ్యక్తి", "ఇల్లు అద్దెకు తీసుకున్న వ్యక్తి". నేర వార్తల్లో నిందితుడికి మీరు "గారు" పెట్టరు కదా, అక్కడ ఇది బాగా పనిచేస్తుంది. వృత్తుల పేర్లలో ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయురాలు అని తడుముకోవడం కన్నా టీచర్ నయం. డ్రైవర్, కండక్టర్, నర్సు కూడా అంతే. అద్దె మాటలు ఇక్కడ అడ్డం పడవు.

"లింగ గుర్తింపు" అనొచ్చా అని అడగబోతారు. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. కానీ "లింగం" మాటకి శరీరం, వ్యాకరణం, శివాలయం మూడూ తగులుకున్నాయి. "లైంగిక గుర్తింపు" అయితే మరీ పెడదారి, పడకగది వ్యవహారం అనుకుంటారు. జెండర్ అని రాయండి. పదిహేనేళ్లుగా మహిళా సంఘాలవాళ్లు వాడుతున్నారు, డ్వాక్రా మీటింగుల్లో కూడా అర్థమవుతుంది.

ఒన్‌టౌన్ శేషు

మాస్టారూ, మరి ఫొటో కింద ఏం రాస్తారు? చూస్తే మగమనిషిలా ఉంటే, ఆమె అంటే పాఠకుడు తికమకపడడా?

బ్రాడీపేట తెలుగు మాస్టారు

పడనివ్వండి, రెండో వాక్యంలో "ట్రాన్స్ మహిళ" అని కనిపిస్తే తేరుకుంటాడు.

అరండల్‌పేట లాయర్

చట్టం మాటలు విడిగా పెట్టుకోండి, ఎందుకంటే చట్టంలో "ట్రాన్స్‌జెండర్" అన్నది పై నాలుగు ప్రశ్నలకన్నా పెద్ద గొడుగు. 2019 చట్టం వచ్చినప్పటి పాఠం చెబుతున్నాను. సవరణలుంటే అవి ఏ తేదీ నుంచి అమలో చూసుకుని రాయాలి. సెక్షన్ 2(కె)లో ట్రాన్స్ పురుషుడు, ట్రాన్స్ మహిళ, ఇంటర్‌సెక్స్ తేడాలున్నవాళ్లు, జెండర్‌క్వీర్ (ఆడా మగా గడుల్లో ఇమడనివాళ్లు), ఆపైన కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగ్తా అందర్నీ ఒకే గంపలో వేశారు. ఆపరేషన్, హార్మోన్లు, లేజర్ చేయించుకున్నా లేకపోయినా అని స్పష్టంగా ఉంది. డాక్టరు గారు ఇంటర్‌సెక్స్ వేరన్నారు, వైద్యంగా అది నిజం. చట్టం కలిపింది. కాబట్టి కోర్టు వార్తలో చట్టం మాట, మామూలు వార్తలో మనిషి మాట.

దీనికి మూలం 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీల బెంచి. గుర్తింపు తేల్చడానికి శరీర పరీక్ష కాదు, మనసే ప్రమాణం అన్నారు. ఆపరేషన్ అయితేనే ఒప్పుకుంటాం అనడం చట్టవిరుద్ధం అన్నారు. పురుషుడు, స్త్రీ, మూడో జెండర్ ఈ మూడింటిలో తనకు తానుగా ఎంచుకోవచ్చన్నారు. స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 377 సెక్షన్ తీర్పు వేరు, అది 2018 సెప్టెంబరు 6, ఆకర్షణకి సంబంధించింది. ఈ రెండు తీర్పుల్ని కలిపి రాసినవి చాలా చూశాం.

2019 చట్టం వచ్చినప్పటి పాఠం ప్రకారం ధ్రువపత్రాలు రెండు రకాలు. విలేకర్లే కాదు, దరఖాస్తుదారులు కూడా ఇక్కడే పొరబడతారు. సెక్షన్ 6 కింద కలెక్టర్ ఇచ్చేదాంట్లో జెండర్ "ట్రాన్స్‌జెండర్" అని ఉంటుంది. 2020 నియమాలు వచ్చినప్పటి పద్ధతి: ఫారం-1 దరఖాస్తు, ఫారం-2 అఫిడవిట్, జాతీయ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో, 30 రోజుల గడువు, వైద్య పరీక్ష ఉండేది కాదు. సెక్షన్ 7 కింద అయితే శస్త్రచికిత్స తర్వాత ఆస్పత్రి సూపరింటెండెంటు పత్రం జతచేస్తే "స్త్రీ" అనో "పురుషుడు" అనో మారుస్తారు. మొదటిది అడిగినవాళ్లని ఆపరేషన్ కాగితం తెమ్మంటే అది సెక్షన్ 7తో తికమక.

మన హైకోర్టు నుంచి ఒకటి. అమరావతిలో 2025 జూన్‌లో వచ్చిన తీర్పు: పురుషుడిని పెళ్లాడిన ట్రాన్స్ మహిళ కూడా 498ఏ (భర్త, అత్తింటివాళ్ల వేధింపులు) కింద ఫిర్యాదు చేయగల "స్త్రీ"యే. బిడ్డల్ని కనలేరు కాబట్టి స్త్రీ కాదన్న వాదన తోసిపుచ్చారు. తగిన ఆధారాలు లేవని ఆ కేసు మాత్రం కొట్టేశారు. అందుకని "ట్రాన్స్ మహిళ ఓడింది" అని ఒక్క ముక్కలో తేల్చకండి. ఇంకో సంగతి, ఆ పెళ్లిని "స్వలింగ వివాహం" అని రాయకూడదు. స్త్రీ, పురుషుడు.

పటమట సచివాలయం

మాకు కౌంటర్ దగ్గర పనికొచ్చే ముక్క. ఎదురుగా మనిషిని చూసి జెండర్ గడి నింపేయడం మొదటి తప్పు. వెనక క్యూలో పాతికమంది వింటుండగా "మీరు ఆడా మగా" అని అరవడం రెండో తప్పు. ఫారం వాళ్ల వైపు తిప్పి, గడి మీద వేలు పెట్టి "ఇది మీరే టిక్ పెట్టండి" అంటే సరి.

మూడో తప్పు పేర్లది. కలెక్టర్ ధ్రువపత్రంలో కొత్త పేరు, ఆధార్‌లో పాత పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోటి. పింఛను దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఎన్టీఆర్ భరోసాలో ట్రాన్స్‌జెండర్ విభాగం విడిగా ఉంది, 2024 జూలై నుంచి నెలకు రూ.4,000. వరుస ఇలా పెట్టుకుంటే తిప్పలు తక్కువ: ముందు ధ్రువపత్రం, దాంతో ఆధార్, ఆధార్‌తో బ్యాంకు, ఆఖర్న పింఛను. ఆధార్‌లో జెండర్ మార్చుకోడానికి మామూలుగా ఒక్కసారే అవకాశం, పేరుకి రెండుసార్లు. సెక్షన్ 7 దాకా వెళ్లే ఆలోచన ఉంటే ఆ ఒక్క అవకాశం ఎప్పుడు వాడాలో ముందే ఆలోచించుకోమని చెప్పండి.

గణాంకాలు రాసేటప్పుడు కూడా. 2011 జనగణనలో మగకి 1, ఆడకి 2, "ఇతరులు"కి 3. దేశంలో 4,87,803, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. ఆ 3లో ఎవరున్నారో ఎవరూ చెప్పలేరు. స్త్రీ అని చెప్పుకున్న ట్రాన్స్ మహిళ 2లో ఉంటుంది, ఇంట్లో తండ్రి "అబ్బాయి" అని రాయిస్తే 1లో ఉంటుంది. దాన్ని "రాష్ట్రంలో హిజ్రాల సంఖ్య" అని రాయడం కుదరదు.

ఎర్రపెన్ను, విజయవాడ

అందరికీ దండం. పేజీ ఇలా కుదించాను, ఏకిపారేయండి.

"ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు అని విడిగా రాయాలి. ఇద్దరికీ కలిపి ట్రాన్స్‌జెండర్లు. హిజ్రా అని వాళ్లు చెప్పుకుంటేనే. ఇంటర్‌సెక్స్ శరీరానికి సంబంధించింది, పసిపిల్లలకి హిజ్రా మాట నిషేధం. స్వలింగ సంపర్కులు బదులు గే, లెస్బియన్, లేదా స్వలింగ ఆకర్షణ గలవారు. మారాడు, మార్పిడి, వేషం, అలియాస్ వాడరాదు. పాత పేరు వార్తకి తప్పనిసరి అయితేనే."

చుట్టుగుంట వాలంటీరు

"పాత పేరు తప్పనిసరి అయితే" అని తలుపు తెరిచారంటే ప్రతి విలేకరికీ తప్పనిసరే అవుతుంది. ఎఫ్ఐఆర్‌లో "అలియాస్" ఉంటుంది కాబట్టి ఎత్తి రాసేస్తారు. చదివేవాడికి అలియాస్ అనగానే రౌడీషీటర్ గుర్తొస్తాడు. పాత పేరు వేయాలంటే డెస్కు ఇన్‌ఛార్జి అనుమతి ఉండాలని పెట్టండి.

చిన్నప్పటి సంగతులు రాసేటప్పుడు కూడా "అప్పట్లో అతను" వద్దు. "చిన్నప్పుడు ఆమె మాచర్లలో చదువుకుంది" అంటే చాలు. పోతే, ఒకరు ట్రాన్స్ అని ఊళ్లో తెలియకపోతే, మన వార్తతో తెలిస్తే, మర్నాడే అద్దె ఇల్లు ఖాళీ చేయిస్తారు. బైక్ యాక్సిడెంట్ వార్తలో ఆ వివరం ఎందుకు?

అరండల్‌పేట లాయర్

"ఇద్దరికీ కలిపి ట్రాన్స్‌జెండర్లు" అంటే నాన్‌బైనరీవాళ్లు జారిపోయారు. "అందరికీ కలిపి" అనండి. ఇక "హిజ్రా అని చెప్పుకుంటేనే" దగ్గర నాకు పేచీ ఉంది. పోలీసు కేసుల్లో అడిగే వీలుండదు. అప్పుడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అని రాయడమే క్షేమం.

చుట్టుగుంట వాలంటీరు

లాయరు గారూ, అలా అయితే మంచి వార్తల్లో హిజ్రా, కేసుల్లో ట్రాన్స్‌జెండర్ అవుతుంది. రెండేళ్లలో ట్రాన్స్‌జెండర్ మాటకి కూడా కేసుల వాసన పడుతుంది. కేసులో జెండర్ సంగతే లేకపోతే ఏదీ రాయకండి. మగవాడు దొంగతనం చేస్తే శీర్షికలో "పురుషుడి చోరీ" అని పెడతారా?

అరండల్‌పేట లాయర్

అక్కడిదాకా ఒప్పుకుంటాను. జెండరే విషయమైన కేసుల్లో మాత్రం నా మాటే.

గుణదల ట్రైనర్

తమిళనాడు ప్రభుత్వం 2022 ఆగస్టులో ఇలాంటి పదపట్టికని గెజెట్‌లోనే అచ్చువేసింది, మద్రాసు హైకోర్టు చెప్పాక. తిరునంగై, తిరునంబి అని వాళ్లకి సొంత మాటలున్నాయి. మనం ఎవరో గెజెట్ ఇస్తారని ఆగకుండా ఇక్కడి సంఘాలవాళ్లకి ఈ పేజీ ఒకసారి చదివి వినిపించి, వాళ్లు వద్దన్నది కొట్టేసి, అప్పుడు అంటించండి. ఏడాదికోసారి మళ్లీ చూడండి, ఈ మాటలు త్వరగా మారతాయి.

తెనాలి మైక్ సెట్

ఆలస్యంగా చూశాను. వచ్చే వారం గుంటూరులో ఆరోగ్య శిబిరం, ట్రాన్స్ కమ్యూనిటీ వాళ్లు కూడా వస్తున్నారు. స్టేజీ మీద "సోదర సోదరీమణులారా" అనాలా వద్దా? రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఆడవాళ్ల వరుస, మగవాళ్ల వరుస అని రెండు బోర్డులు రాయించేశారు.

బ్రాడీపేట తెలుగు మాస్టారు

"అందరికీ నమస్కారం" అనండి, పొట్టిగా కూడా ఉంటుంది. బోర్డులు తీసేసి పేరు మొదటి అక్షరాన్ని బట్టి వరుసలు పెట్టించండి: అ నుంచి న ఒకటి, ప నుంచి హ ఒకటి. టోకెన్ మీద పేరు వాళ్లు చెప్పిందే రాయాలి. డాక్టరు దగ్గరికి పిలిచేటప్పుడు నంబరుతో పిలిస్తే ఇంకా మంచిది.